ఆమ్లక్షారముల జమాఖర్చు



జమాఖర్చు వ్రాయ నెరిగిన పెద్దలకు రసాయన సమీకరణము క్రొత్తవిద్య కాదు. చిట్టాలో జమ యెంతయో, ఖర్చును నిలువయు కలిసి అంతయే కావలెను గదా! పదార్థముల కలయికలోను ఆ న్యాయమే చెల్లును. అది లోకమునకు తెలిసిన విధమును నేడు మనవి చేసెదను.

నిమ్మపులుసు వంటిది ఆమ్లము. సున్నము, సోడా వంటివి క్షారములు. రెండును తగుపాళ్లలో కలిసినచో ఒకదాని గుణము నొకటి హరించి, లవణమును నీరును ఏర్పడును. ఈ సంగతి పూర్వులెరుగుదురు. ఏపాటి ఆమ్లమునకు ఏపాటి క్షారము కావలెనో ముందుగా చెప్పు సూత్రము మాత్రము వారికి లేదు.

పారిస్ నగరమున లెవోయిజరు, రసాయనక్రియకు ముందున్న బరువే తరువాతను ఉండునని 1789లో ప్రకటించిన గ్రంథమున స్పష్టపరచెను. పన్నుల వసూలు సంఘమున భాగస్వామి యగుటచే విప్లవకాలమున, 1794 మే 8న, ఆయనకు శిరచ్ఛేదము జరిగినది.

జర్మనీలో రిక్టరు అను పండితుడు రెండు లవణముల నీళ్లను కలిపి చూచెను. లోపల ఆమ్లములు క్షారములను మార్చుకొన్నను, పులుపు గాని క్షారము గాని మిగులలేదు. కావున ఒక ఆమ్లమునకు సరిపడు క్షారముల పాళ్లు మరియొక ఆమ్లమునకును అదే నిష్పత్తిలో సరిపడునని ఆయన గ్రహించి, 1792 మొదలు గ్రంథములు వెలువరించెను. కాని ఆ రచన దురవగాహము, చదివినవారు కొలదిమందియే.

1802లో ఫిషరు అను మరియొక జర్మను పండితుడు ఆ లెక్కల నొక్క పట్టికగా కూర్చెను. 1000 పాళ్ల గంధకికామ్లమునకు సున్నమైనచో 793, సోడాయైనచో 859 పాళ్లు. ఈ అంకెలు నేటి లెక్కకు కొంత హెచ్చు. పద్ధతి మాత్రము నిలిచినది. స్వీడను దేశీయుడైన బెర్జీలియసు 1813, 1814లలో మూలద్రవ్యములకు అక్షరములను సంకేతములుగా నేర్పరచెను.

నేటి లెక్క చూడుడు. 98 పాళ్ల గంధకికామ్లమునకు 40 పాళ్ల దాహకసోడా చాలదు. రెండు నలుబదులు, అనగా 80 కావలెను. అప్పుడు 142 పాళ్ల లవణము, 36 పాళ్ల నీరు వచ్చును. ఇటు 178, అటు 178. సమీకరణమున సోడాకు ముందుండు 2 అను అంకెకు అర్థమిదియే. అది విడిచినచో ఆమ్లము మిగిలి చేయి కాల్చును.

రిక్టరు 1807లో, తగిన కీర్తి పొందకయే మరణించెను. ఫిషరు సుబోధముగా వ్రాసిన పట్టికయే ఆయన శ్రమను మరుగుపడనీయలేదు. మీ యింటి పిల్లలు సమీకరణము వ్రాయునపుడు, ఇటునటు కూడి చూచుకొనుమని చెప్పుడు.