కరాచీ ఒంటెలు మోసిన దేశం

ఆస్ట్రేలియాలో నేనుండే అడిలైడ్ నుంచి ఉత్తరంగా మూడు నాలుగు గంటలు కారులో పోతే గోధుమ పొలాలు ఆగిపోతాయి. ఆపైన వందల కిలోమీటర్లు ఎర్రమట్టి, గులకరాళ్ళు, ఉప్పు పేరుకున్న చెరువులు. పట్టాలూ తారురోడ్లూ పడకముందు ఆ నేలమీద బతికినవాళ్ళకు పిండి, టీ, చక్కెర అందింది చాలావరకు ఒంటెల బిడారుల వల్లే. ఆ ఒంటెలూ, వాటిని నడిపినవాళ్ళూ ఎక్కువమంది వచ్చింది అప్పటి మన అవిభక్త భారతదేశం వైపునుంచే. ఇక్కడికి చదువుకు వచ్చే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలియాలని రాస్తున్నాను.

1860లో బర్క్, విల్స్ అన్వేషణ బృందం కోసం కరాచీలో ఒంటెలను ఓడ ఎక్కించారు. నీళ్ళులేక గుర్రాలూ ఎడ్లూ కూలిపోయేచోట ఒంటె నిలబడుతుందని నమ్మిన థామస్ ఎల్డర్ అనే వ్యాపారి, 1866 మొదలయ్యేసరికి 100కు పైగా ఒంటెలను, 30 మంది దాకా మనుషులను పోర్ట్ అగస్టాకు రప్పించాడు. బెల్టానాలో ఒంటెల సంతతిని పెంచాడు. 1870-1920 మధ్య 20,000 దాకా ఒంటెలు, 2,000 మంది దాకా మనుషులు వచ్చారని అంచనా. బలూచీలు, పఠాన్లు, పంజాబీలు, సింధీలు, ఎవరైనా సరే ఇక్కడివాళ్ళు అందరినీ ఆఫ్ఘన్లనే పిలిచారు.

బిడారు నడపడం గొప్ప నేర్పు. పొద్దున్నే ఒక్కో ఒంటెను మోకాళ్ళమీద కూర్చోబెట్టి, రెండు పక్కలా బరువు సమంగా చూసి కట్టాలి. ఒకవైపు మొగ్గితే వీపు పుండవుతుంది. బలమైన మగ ఒంటె 400 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మోసేది. ముక్కుకు గుచ్చిన కొయ్యపుల్లకు సన్నతాడు కట్టి, దాన్ని ముందున్న ఒంటెకు తగిలిస్తారు. అలా ఒక వరుసలో 70 ఒంటెల దాకా నడిచేవి. రాత్రి బరువంతా దించి, ముందుకాళ్ళకు బందం వేసి, మెడకు గంట కట్టి మేతకు వదలాలి. తెల్లారి ఆ గంటల చప్పుడు పట్టుకుని వెతికి తెచ్చుకోవాలి. మళ్ళీ మొదలు.

దారిని నిర్ణయించేది నీరు. మర్రీ అనే ఊరి నుంచి ఊడ్నడాటా వైపు భూమిలోంచి ఉబికే ఊటలు వరుసగా ఉన్నాయి. అరబానా ఆదివాసులు వేల ఏళ్ళుగా ఎరిగిన నీళ్ళవి. 1872లో పూర్తయిన ఖండాంతర టెలిగ్రాఫ్ లైను, తర్వాత రైలు పట్టాలు ఆ ఊటల వెంటే సాగాయి. వాటికి కావలసిన సామాను మోయడంలో ఒంటెలది పెద్ద పాత్ర.

ఒంటెలవాళ్ళలో బేజా దర్వేష్ అనే బలూచీ పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి. 1896లో లారీ వెల్స్ నాయకత్వంలో గ్రేట్ శాండీ ఎడారి దాటిన బృందంలో ఒంటెల బాధ్యత ఆయనదే. ఆ యాత్రలో విడిగా వెళ్ళిన ఇద్దరు ఎడారిలోనే చనిపోయారు. బేజా సేవకు మెచ్చి వెల్స్ తన దిక్సూచిని ఆయనకు బహూకరించాడు. 1939లో మాడిగన్ అన్వేషణ బృందం సింప్సన్ ఎడారి దాటినప్పుడు ఒంటెల వెంట నడిచింది బేజా కొడుకు జాక్.

ఇంత చేసినవాళ్ళకు దేశం ఏమిచ్చింది? 1901 వలస చట్టంతో కొత్తవాళ్ళకు తలుపులు మూసింది. 1903 చట్టంతో ఆసియావాళ్ళకు పౌరసత్వం లేకుండా చేసింది. మర్రీలో రైలుపట్టాలకు ఒకవైపు తెల్లవాళ్ళు, రెండోవైపు ఒంటెలవాళ్ళూ ఆదివాసులూ ఉండేవారు. అయినా వాళ్ళు మసీదులు కట్టుకున్నారు, ఖర్జూరపు చెట్లు నాటారు, కొందరు ఆదివాసీ స్త్రీలను పెళ్ళాడి ఇక్కడే పాతుకున్నారు. 15 ఏళ్ళుగా నివసిస్తున్న ఐరోపాయేతరులకు పౌరసత్వం పొందే వీలు 1957లో గాని రాలేదు. బేజా చనిపోయింది ఆ ఏడాదే.

1920లలో లారీలు వచ్చాయి. దిక్కులేని ఒంటెలను చంపడానికి దక్షిణ ఆస్ట్రేలియా 1925లో చట్టం చేసింది. పెంచిన చేతులతో చంపలేక చాలామంది వాటిని ఎడారిలోకి వదిలేశారు. వాటి సంతతి నేటికీ లక్షల్లో తిరుగుతోంది. 1929లో ఆలిస్ స్ప్రింగ్స్‌కు రైలు చేరాక బిడారుల పని దాదాపు అయిపోయింది.

అడిలైడ్‌కు వచ్చే మన పిల్లలు 1889 నాటికి లిటిల్ గిల్బర్ట్ వీధిలో వెలసిన మసీదును ఒక్కసారైనా చూడాలని నా కోరిక. అక్కడ వృద్ధాప్యం గడిపినవాళ్ళలో ఒంటెలు తోలినవాళ్ళు ఎందరో. ఇవాళ మనకు సులువుగా దొరుకుతున్న పౌరసత్వం వాళ్ళు అడిగినా దొరకనిది. ఈ దేశం ఎవరిదనే మాట వచ్చినప్పుడల్లా, మొదట ఆదివాసుల పేరు, తర్వాత ఈ ఒంటెలవాళ్ళ పేరు గట్టిగా చెప్పడం మనమీదున్న బాకీ.