ఒకే ఆఫీసు, రెండు లెక్కలు

సరిస్కా అనగానే చాలామందికి గుర్తొచ్చేది వేటగాళ్ళు. రాజస్థాన్‌లో అల్వార్ దగ్గరున్న ఆ పులుల అడవిలో 2004 చివరికల్లా పులుల జాడే లేకుండా పోయింది. 2005 జనవరిలో సంగతి పేపరుకెక్కింది. మార్చిలో డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వెళ్ళి వెతికి, ఒక్కటి కూడా లేదని తేల్చేశారు. సీబీఐ దర్యాప్తు కూడా జరిగింది. ఇదంతా పాత కథే. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం వేటగాళ్ళ కథ కాదు, ఓ చిన్న పట్టిక.

ఆ గొడవ తర్వాత ప్రధాని మన్మోహన్ సింగ్ సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్ ఫోర్స్ వేశారు. 2005 ఆగస్టులో వాళ్ళిచ్చిన రిపోర్టులో సరిస్కా గురించి రెండు వరసల అంకెలున్నాయి. మొదటిది అధికారిక పులుల లెక్క: 1998లో 24, తర్వాత వరసగా 26, 26, 26, 27, 26, చివరికి 2004లో 17. రెండోది, అక్కడి సిబ్బందికి ఆయా సంవత్సరాల్లో కంటబడ్డ పులులు: 1998లో 17, తర్వాత 6, 5, 3, 0, 1, 0.

ఇంకోసారి చదవండి. 2002లో అడవిలో తిరిగేవాళ్ళకి ఒక్క పులీ కనబడలేదు. అదే ఏడాది కాగితం మీద 27 పులులు, ఆ ఏడేళ్ళలోకెల్లా ఎక్కువ!

కనబడనంత మాత్రాన లేనట్టు కాదు, ఒప్పుకుంటాను. పులి మన కోసం రోడ్డు మీదకొచ్చి నిలబడదు. కానీ 17 కాస్తా 6 అయినప్పుడే "ఏంటిది?" అని ఎవరో ఒకరు అడగాలి కదా. ఆ రెండు కాలమ్స్ పక్కపక్కన పెట్టి చూడటానికి శాటిలైట్లక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అంతకన్నా అక్కర్లేదు (ఈ మాట నేననడం మా వృత్తికి ద్రోహమేమో :)). ఓ తెల్లకాగితం, స్కేలు చాలు.

మరి ఆ మొదటి వరస ఎలా పుట్టింది? దానికి కొంచెం వెనక్కెళ్ళాలి. దేశమంతటా పులుల్ని మొదటిసారి లెక్కపెట్టింది 1972లో. 1827 అని తేలింది. మరుసటేడు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. లెక్కకి వాడింది ఒడిషా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి 1960లలో రూపొందించిన అడుగుజాడల పద్ధతి. సిబ్బంది అంతా ఒకేసారి అడవిని గాలిస్తారు. మట్టిలో జాడ కనబడగానే దానిమీద గాజుపలక పెట్టి పెన్నుతో గీత గీస్తారు, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తారు. తర్వాత ఆ గీతలన్నీ ముందేసుకుని, ఇది ఫలానా పులిది, ఇది ఇంకోదానిది అని అధికారులు విడదీస్తారు. ఒకే పులి జాడ మెత్తటి ఇసకలో ఒకలా, గట్టి నేల మీద ఇంకోలా పడుతుంది. గీసే చెయ్యి మారితే గీతా మారుతుంది. ఉల్లాస్ కారంత్ 1980లలోనే ఈ పద్ధతిని నమ్మలేమని రాశారు. జూలో ఉన్న కొద్దిపాటి పులుల జాడల్నిచ్చి ఎన్ని పులులో చెప్పమంటే, అనుభవమున్నవాళ్ళు కూడా అసలున్నవాటి కంటే ఎక్కువ చెప్పారట.

అయితే నా మట్టుకు నాకు పద్ధతి ఒక్కటే దోషి అనిపించదు. లెక్కపెట్టేది అటవీశాఖ. ఆ లెక్కని బట్టి మంచిచెడ్డలు తేలేదీ అటవీశాఖవే. పులులు పెరిగితే శభాష్, తగ్గితే సంజాయిషీ. కోడు రాసినవాడే టెస్ట్ చేసి, వాడే పాస్ అని రాసుకుంటే ఏమవుతుందో మా ఫీల్డులో అందరికీ తెలుసు. ఎవరూ పనిగట్టుకుని అబద్ధమాడాల్సిన పన్లేదు. అనుమానమొచ్చిన ప్రతిచోటా ఒకటి ఎక్కువేసుకుంటే చాలు.

పన్నా సంగతి ఇంకా ఘోరం. మధ్యప్రదేశ్‌లోని ఆ అడవిలో రఘు చుందావత్ అనే శాస్త్రవేత్త 1996 నుంచీ పులులకి రేడియో కాలర్లు కట్టి పరిశీలిస్తూ వచ్చారు. పులులు తగ్గిపోతున్నాయని మొత్తుకున్నారు. అధికారులు కొట్టిపారేశారు. 2009కల్లా పన్నాలోనూ పులుల్లేవు. సరిస్కా జరిగిన నాలుగేళ్ళకి! ఈసారి రెండో వరస బయటివాడి చేతిలో ఉంది, అంతే తేడా.

2006 నుంచి పద్ధతి మారింది. కెమెరా ట్రాపులొచ్చాయి, చారల్ని బట్టి పులిని గుర్తుపట్టడమొచ్చింది. 2001-02లో 3642 అన్న లెక్క, కొత్త పద్ధతిలో 1411కి దిగింది. సగానికి పైగా చచ్చిపోయాయని గగ్గోలు పెట్టడం తేలికే గానీ, రెండు వేర్వేరు కొలతల్ని ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే వచ్చే అంకెకి అర్థం లేదు. ఎన్ని చచ్చాయో, ఎన్ని అసలు పుట్టనే లేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. ముప్ఫయ్యేళ్ళ డేటా అలా నీళ్ళపాలైంది.

కొత్త పద్ధతిలో నాకు బాగా నచ్చింది సాక్ష్యం మిగలడం. 2018లో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫోటోలొచ్చాయి, అందులో పులులవి 76,651. ఎవరికైనా అనుమానమొస్తే ఫోటో తీసి మళ్ళీ చూడొచ్చు. ఇంత గుట్టలో డూప్లికేట్లని ఏరడం సాఫ్ట్‌వేర్ లేకుండా అయ్యే పని కాదు, కాబట్టి పైన చేసిన ద్రోహాన్ని ఇక్కడ సరిచేసుకుంటున్నాను. మన నల్లమలనే చూడండి. 1983లో మొదలైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 2014లో రాష్ట్రంతోపాటే రెండైంది, తెలంగాణ వైపుది అమ్రాబాద్. కృష్ణకి ఈ ఒడ్డున ఫోటోలో పడ్డ పులి రేపు ఆ ఒడ్డున పడితే, రెండు రాష్ట్రాల ఫోటోలూ ఒకచోట పోల్చకపోతే అది రెండు పులులైపోతుంది.

కానీ మళ్ళీ చూడొచ్చన్నానే, ఎవరు చూడాలి? 2015లో అర్జున్ గోపాలస్వామి, మరికొందరు కలిసి, కెమెరాల్లేని చోట్ల పులుల సంఖ్య అంచనాకట్టే లెక్కలోనే లోపముందని పేపర్ రాశారు. సర్వే చేసినవాళ్ళు కాదన్నారు. రా డేటా బయటపెట్టండి, మేమే చూసుకుంటామని బయటి శాస్త్రవేత్తలు అడుగుతూనే ఉన్నారు. ఫలానా పులి ఫలానా చోటుందని లాటిట్యూడ్‌తో సహా నెట్లో పెడితే వేటగాడికి మ్యాప్ చేతికిచ్చినట్టే, అది నిజం. దానికి మందు కచ్చితమైన చోటు చెరిపేసి ఇవ్వడం, లేదా సంతకం పెట్టించుకుని పరిశోధకులకి ఇవ్వడం. బ్యాంకులూ ఆస్పత్రులూ రోజూ చేసే పనే.