శ్మశానవాటిక కాపాడిన అడవి

1853 ప్రాంతంలో లండన్ నగర కార్పొరేషన్ వారికి శ్మశానానికి స్థలం కావలసివచ్చినది. చర్చి ఆవరణలన్నీ సమాధులతో నిండిపోయి, మళ్ళీ తవ్వడానికి చోటు మిగలలేదు. అందుచేత ఊరికి ఈశాన్యంగా, ఎసెక్స్ జిల్లాలోని ఆల్డర్స్‌బ్రూక్ అనే చోట సుమారు 200 ఎకరాల పొలం కొని, 1856లో అక్కడ శ్మశానవాటిక తెరిచినారు. ఆ పొలంతోపాటు పశువులను మేపుకొనే హక్కు ఒకటి తమకు సంక్రమించినదనీ, ఆ హక్కే ఇరవై ఏళ్ళ తరువాత ఒక అడవిని నిలబెట్టగలదనీ కొన్ననాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఆ అడవి పేరు ఎప్పింగ్. అడవి అనగానే మనకు మనుష్యసంచారం లేని కీకారణ్యం మనస్సులో మెదులుతుంది. ఇది అటువంటిది కాదు. ఇక్కడ నేల మేనర్ల యజమానులది. వారిని మన జమీందారులవంటివారని అనుకోవచ్చును. నేల వారిదైనా, అందులో లేళ్ళను వేటాడే హక్కు రాజుది. మేత హక్కు చుట్టుపట్ల భూవసతి కలవారిది. లౌటన్ వంటి గ్రామాలలోనైతే చలికాలంలో వంటచెరకుకై కొమ్మలు నరకుకొనే హక్కు ఊరివారిది. మన పల్లెలలోని మేత పోరంబోకుతో దీనిని కొంతవరకే పోల్చవచ్చును; పోరంబోకు సర్కారు భూమి. ఎప్పింగ్‌లో నేల ఒకరిది, వేట ఒకరిది, మేత వేరొకరిది. ఈ చిక్కుముడి ఉన్నంతకాలం ఎవరూ కంచె వేయలేకపోయినారు.

19వ శతాబ్దం నడుమకు రాజులకు వేటమీద మోజు తీరిపోయినది. పొరుగునే ఉన్న హైనాల్ట్ అడవిని 1851లో పార్లమెంటు చట్టంచేసి అడవి జాబితానుంచి తొలగించినది. చెట్లను వేళ్ళతో పెకలించి ఆ నేలను సాగులోకి తెచ్చినారు. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆనాడు బయలుకు శత్రువు ఇల్లు కాదు, నాగలి! బీడును పొలంగా మార్చడమే దేశసేవ అని చదువుకొన్నవారు నమ్మిన కాలమది. ఎప్పింగ్‌లో కూడా ప్రభుత్వం తన వేట హక్కులను ఎకరాకు సుమారు 5 పౌనుల లెక్కన మేనరు యజమానులకే అమ్మివేయసాగినది. రాజు తప్పుకొన్నాడు, ఇక కంచెలు లేచినవి.

అడ్డుపడినవాడు ఒక ముసలి కూలివాడు, లౌటన్ గ్రామానికి చెందిన థామస్ విల్లింగేల్. కొమ్మలు నరికే హక్కుకు ఒక నియమం ఉన్నదని అక్కడివారి నమ్మకం. ఏటా నవంబరు 11 అర్ధరాత్రి ఎవరో ఒకరు మొదటి కొమ్మ నరకాలి. ఒక్క ఏడు తప్పినా హక్కు పోతుంది. ఆ రాత్రి ఊరివారందరినీ విందుకు పిలిచి, త్రాగించి, సంగతి మరపించాలని యజమాని పక్షం ఎత్తువేయగా, విల్లింగేల్ వేళకు లేచిపోయి కొమ్మ నరికి భుజాన వేసుకొని తిరిగివచ్చినాడని కథ చెప్పుకొంటారు. కథ ఎంతవరకు నిజమైనా, తరువాతి సంగతి నిజమే. 1866లో ఆయన కుటుంబంలోని యువకులు కొమ్మలు నరికిన నేరానికి జైలుపాలైనారు. అంతకు ముందేడు ఏర్పడిన ఉమ్మడి భూముల సంరక్షణ సంఘం విల్లింగేల్ చేత దావా వేయించినది. కాని 1870లో ఆయన మరణించడంతో ఆ దావా కూడా ఆయనతోనే పోయినది. పేదవాని హక్కు ఎంత గట్టిదైనా, దానిని మోసే మనిషి ఆయుష్షంతే దాని ఆయుష్షు.

అప్పుడు శ్మశానవాటిక అక్కరకు వచ్చినది. కార్పొరేషన్‌కు చావు లేదు. డబ్బుకు కొదువ లేదు. 1871లో వారు, తాము ఎప్పింగ్‌లో మేత హక్కుదారులమంటూ, మేనరు యజమానులపై ఛాన్సరీ కోర్టులో దావా తెచ్చినారు. వారి వాదం ఇది: మేత హక్కు ఒక్కొక్క గ్రామానికి విడివిడిగా కాక, అడవి అంతటికీ వర్తిస్తుంది, కనుక ఏ మూల కంచె వేసినా అది తమ పశువులకు అడ్డమే. 1874లో న్యాయాధిపతి జార్జి జెస్సెల్ ఈ వాదాన్ని అంగీకరించి, 1851 తరువాత వేసిన కంచెలు చెల్లవని తీర్పు చెప్పినాడు. శ్మశానవాటికలో మేసే ఆవులు ఎన్ని అని ఎవరైనా అడిగినారో లేదో!

తరువాతి పని నేల కొనడం. ఆ సొమ్ము వచ్చిన దారి కూడా విచిత్రమే. లండన్ రేవులో దిగే ధాన్యాన్ని కొలిచినందుకు సుంకం తీసుకొనే హక్కు కార్పొరేషన్‌కు అనాదిగా ఉన్నది. 1872 చట్టంతో ఆ రాబడిని లండన్ చుట్టుప్రక్కల బయళ్ళ రక్షణకు కేటాయించినారు. నగరవాసి తినే రొట్టెమీది సుంకమే అతనికి విహారభూమి అయినది. 1878 ఎప్పింగ్ చట్టం ఆ అడవిని కార్పొరేషన్‌కు అప్పగించి, కంచెలు గాని ఇండ్లు గాని లేకుండా ప్రజల విహారానికి శాశ్వతంగా ఉంచవలెనని శాసించినది. 1882 మే 6న విక్టోరియా రాణి వచ్చి దానిని ప్రజలకు అంకితం చేసినది.

ఉత్సవం ఘనంగా జరిగినది గాని, అదే చట్టం కొమ్మలు నరికే హక్కును రద్దుచేసిన సంగతి మరువరాదు. పరిహారపు సొమ్ముతో లౌటన్‌లో 1884లో ఒక సభాభవనం కట్టినారు. దానికి లాపింగ్ హాల్ అని, అనగా కొమ్మలు నరికే శాల అని పేరు. జైలుకు పోయినవారి హక్కు గోడమీది పేరై మిగిలినది. విహారానికి వచ్చే పట్టణవాసికి చెట్టు అందం కావాలి. ఊరివానికి పొయ్యిలోకి కట్టె కావాలి. పురపాలకులు మొదటివాని పక్షాన నిలిచినారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. కాని వారు పూనుకోకపోతే ఆ అడవి ఇద్దరికీ దక్కేది కాదు.

అర్ధశతాబ్దం గడిచేసరికి శత్రువు మారిపోయినాడు. రైలుమార్గాల వెంట, మోటారు రోడ్ల వెంట ఇండ్లవరుసలు పొలాలను మ్రింగుతూ పోయినవి. ఒకనాడు బయలును తిన్న పొలానికే ఇప్పుడు రక్షణ కావలసివచ్చినది. 1935లో హెర్బర్ట్ మారిసన్ నాయకత్వంలోని లండన్ కౌంటీ కౌన్సిల్, నగరం చుట్టూ ఆకుపచ్చని మేఖలవలె భూమిని నిలపడానికి 20 లక్షల పౌనులు కేటాయించి, పొరుగు కౌన్సిళ్ళు భూమి కొంటే ఖర్చులో సగందాకా భరిస్తామన్నది. 1938లో దీనికి చట్టం వచ్చినది. ఈ పద్ధతిన కాపాడినవాటిలో ఉద్యానాలేకాక, కౌలుదార్లు దున్నుకొనే పొలాలు కూడా ఉన్నవి.

కాని లండన్ వంటి నగరం చుట్టూ ఉన్న నేలనంతా కొనడం ఏ కౌన్సిల్‌వల్ల అవుతుంది? 1947 చట్టం ఆ చిక్కు విప్పినది. భూమి ఎవరిదైనా, దానిపై ఇల్లు కట్టడానికి స్థానిక ప్రభుత్వం అనుమతి తప్పనిసరి అయినది. 1955లో మంత్రి డంకన్ శాండిస్ పంపిన ఉత్తరువుతో ఇతర నగరాలు కూడా ఈ హరితమేఖల పద్ధతిని చేపట్టినవి. ఖర్చు తగ్గినది, అయితే మేఖలలోని భూమిలో అధికభాగం సొంతదార్లదే గనుక, నగరవాసి దానిని కంచె ఇవతలనుంచి చూడవలసినదే. ఎప్పింగ్‌లోనైతే నేరుగా నడిచి లోపలికి పోవచ్చును.

ఆ ఎప్పింగ్‌లో, నరకడం మానివేసిన తరువాత, పాత చెట్ల కొమ్మలు విపరీతంగా బలిసి, నేలకు ఎండ తగలకుండా పోయినది. కొన్ని చెట్లు బరువుకు చీలిపోయినవి. 1996 తరువాత, పశువుల వ్యాధి కారణంగా, స్వేచ్ఛగా మేసే మందలు కూడా ఆగిపోయినవి. ఇటీవలి దశాబ్దాలలో కార్పొరేషన్‌వారే జీతాలిచ్చి మనుషులచేత మళ్ళీ కొమ్మలు నరికిస్తున్నారు. పొడుగు కొమ్ముల ఆవులను తెచ్చి మేపిస్తున్నారు.