వండర్‌లాకు ఫ్యామిలీతో వెళ్తున్నారా? పిల్లల వయసు కాదు.. ఎత్తు కొలవండి!

పత్తర్‌గట్టి నుంచి పిల్లాపెద్దా కలిసి ఒకరోజు టూర్ అంటే ముందు గుర్తొచ్చేవి రెండు. సినిమా సెట్లు, షోలు చూడాలంటే విజయవాడ హైవే మీదున్న రామోజీ ఫిల్మ్ సిటీ. రైడ్స్, నీళ్లలో ఆటలు కావాలంటే రావిర్యాలలోని వండర్‌లా. 2016లో మొదలైన ఈ పార్కుకు చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, తుక్కుగూడ మీదుగా వెళ్లొచ్చు.

చాలామంది పొరబడేది పిల్లల టికెట్ దగ్గరే. వండర్‌లాలో లెక్క వయసుతో కాదు, ఎత్తుతో. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 140 దాటితే మాత్రం పదేళ్ల పిల్లాడికైనా పెద్దల టికెట్టే! రీకాయిల్ లాంటి భారీ రైడ్స్ ఎక్కాలన్నా ముందు ఎత్తే చూస్తారు. వారం నుంచి కోస్టర్ కోసం ఎదురుచూసిన పిల్లాడిని అక్కడిదాకా వెళ్లాక ఆపేస్తే.. ఆ ఏడుపు మాన్పించడం ఎవరి తరమూ కాదు. అందుకే బయల్దేరే ముందే చెప్పులు విప్పించి, గోడకు నిలబెట్టి టేపుతో కొలవండి. ఏ రైడ్స్ ఎక్కొచ్చో, ఏవి కుదరవో వాళ్లకు అప్పుడే చెప్పేయండి.

ఇక బట్టలు. చీరలు, కాటన్ డ్రెస్సులతో నీళ్ల రైడ్స్‌లోకి పంపరు. నైలాన్, లైక్రా లాంటివే వేసుకోవాలి. బట్టల బజారు గుమ్మంలోనే ఉంది కాబట్టి ముందురోజే కొనుక్కోవడం మేలు. మార్చుకోవడానికి ఒక జత పొడి బట్టలు కూడా సర్దుకోండి.

బయటి ఫుడ్‌కు అనుమతి లేదు. బిర్యానీ డబ్బా ఇంట్లోనే ఉంచాల్సిందే! గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు భారీ రైడ్స్ జోలికి వెళ్లొద్దు. వీకెండ్‌లో టికెట్ ధర, రద్దీ రెండూ ఎక్కువే.. వీలుంటే మామూలు రోజునే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.