ఇంటర్నెట్‌కు నిదానం నేర్పిన 1986

అమెరికాలో 1969లో ఆర్పానెట్ మొదలైనప్పుడు దాని కేంద్రాలను కలిపిన లైన్ల సామర్థ్యం సెకనుకు 50 కిలోబిట్లు మాత్రమే. సమాచారాన్ని ప్యాకెట్లు అనే చిన్న తునకలుగా విడగొట్టి పంపే ఆ పద్ధతిలో, దారిలో తప్పిపోయిన వాటిని మళ్లీ పంపే పూచీ మొదట నెట్‌వర్క్‌దే కాగా, 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ టీసీపీ అనే నియమావళితో దానిని రెండు కొసల్లోని కంప్యూటర్లకు అప్పగించారు. అయితే సంభాషణను ప్రసారం చేసేటప్పుడు ఆలస్యంగా అందే ప్యాకెట్ కన్నా అసలు అందని ప్యాకెట్టే నయమని తేలడంతో, నమ్మకం కావలసిన పనులకు టీసీపీని ఉంచి, జాప్యాన్ని సహించని పనులకు, పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపని యూడీపీ అనే నియమావళిని 1980లో ఏర్పరచారు.

ఆ నమ్మకమే ఒక దశలో నెట్‌వర్క్‌ను కుప్పకూల్చింది. జాన్ నేగల్ 1984లోనే హెచ్చరించిన ఈ ప్రమాదం 1986 అక్టోబరులో కళ్లెదుటే జరిగింది: లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య ప్రసార వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దారిలోని యంత్రాల వద్ద వరుస పెరిగేకొద్దీ, ప్యాకెట్ అందినట్టు తెలిపే రసీదు ఆలస్యమయ్యేది. పంపిన కంప్యూటర్ ఆ ప్యాకెట్ పోయిందనుకుని మరో ప్రతి పంపేది. ఆ ప్రతులతో వరుస ఇంకా పెరిగేది.

వాన్ జాకబ్‌సన్, మైకేల్ కారెల్స్ 1988 నాటికి రూపొందించిన పరిష్కారం, దారిలోని యంత్రాలను ముట్టుకోకుండానే పనిచేయడం వల్ల, ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపుగా నిలుస్తుంది. పంపేవారు ఒక్క ప్యాకెట్‌తో మొదలుపెట్టి, రసీదులు వచ్చేకొద్దీ జోరు పెంచి, ఒక హద్దు దాటాక ఆచితూచి పెంచుతూ, ప్యాకెట్ పోయిందంటే రద్దీ ఏర్పడిందని గ్రహించి వెనక్కి తగ్గాలి. అంతవరకు కేవలం లోపంగా కనిపించిన నష్టం, అదనపు ఖర్చేమీ లేకుండా లైన్ స్థితిని తెలిపే సంకేతమైంది.

తరువాత మెమరీ చౌకై, రౌటర్లలో ప్యాకెట్లను నిలిపి ఉంచే బఫర్లు విపరీతంగా పెరగడంతో ఆ సంకేతం ఆలస్యంగా అందసాగింది. నష్టం తగ్గినా జాప్యం పెరిగింది. బఫర్‌బ్లోట్‌గా పేరుపడిన ఈ సమస్యకు 2012లో క్యాథలీన్ నికోల్స్‌తో కలిసి జాకబ్‌సనే కోడెల్ అనే విరుగుడు సూచించారు. గూగుల్ 2016లో వెల్లడించిన బీబీఆర్ పద్ధతి, నష్టం కోసం వేచి ఉండక, లైన్ సామర్థ్యాన్నీ రాకపోకల సమయాన్నీ అంచనా వేసి వేగాన్ని నిర్ణయిస్తుంది. అయితే దాని తొలి రూపం, బఫర్లు చిన్నవైన చోట, నష్టాన్ని చూసి తగ్గే పాత పద్ధతుల వాటాను ఆక్రమించగలదని పరీక్షల్లో తేలింది. ఎందుకంటే జోరు తగ్గించుకోవడం ఇప్పటికీ ప్రధానంగా పంపేవారి సంయమనం మీదనే ఆధారపడి ఉంది.