‘హమ్‌షకల్స్’: విమర్శకులు తిరస్కరించిన హాస్యచిత్రం, తారల తదనంతర ప్రస్థానం

సాజిద్ ఖాన్ దర్శకత్వంలో 2014 జూన్ 20న విడుదలైన హిందీ హాస్యచిత్రం ‘హమ్‌షకల్స్’. ఒకే రూపం గల వ్యక్తులు అని ఈ పేరుకు అర్థం. సైఫ్ అలీ ఖాన్, రితేశ్ దేశ్‌ముఖ్, రామ్ కపూర్ తలా మూడు పాత్రలు ధరించారు. తమన్నా, బిపాషా బసు, ఈషా గుప్తా కథానాయికలు. కిశోర్ కుమార్, పీటర్ సెల్లర్స్, జిమ్ క్యారీలకు చిత్రాన్ని అంకితమిచ్చారు. అంతటి హాస్యనటులను తలచుకున్న చిత్రాన్ని విమర్శకులు దాదాపు ముక్తకంఠంతో తిరస్కరించారు.

ఆస్తి కోసం మేనమామ ఇచ్చిన మందుతో ఇద్దరు మిత్రులు శునకాల్లా ప్రవర్తిస్తారు. వారిని మానసిక చికిత్సాలయంలో చేర్చగా, అక్కడ అదే రూపంతో మరో ఇద్దరు తారసపడతారు. రూపసామ్యం మన తెరకు కొత్త కాదు. తాపీ చాణక్య ‘రాముడు భీముడు’ (1964)ను, దాని హిందీ రూపం ‘రామ్ ఔర్ శ్యామ్’ (1967)ను ప్రేక్షకులు ఆదరించారు. వాటిలో రూపం ఒకటే అయినా స్వభావాలు వేరు. నవ్వు ఆ తేడాలోంచే పుట్టింది. ‘హమ్‌షకల్స్’లో తొమ్మిది పాత్రలున్నా స్వభావాలు తొమ్మిది లేవు. అంతకన్నా తీవ్రమైన లోపం, మానసిక అస్వస్థతనే పరిహాస వస్తువుగా చేసుకోవడం. చికిత్సాలయాన్ని చిత్రహింసల గృహంగా చూపి నవ్వించబోవడం, చికిత్సకు వెళ్లడానికే జంకే సమాజంలో చిన్న విషయం కాదు. ఒక్క ఛలోక్తి మాత్రం దర్శకుడిపైనే పేలింది. రోగులకు శిక్షగా ఆయన సొంత చిత్రం ‘హిమ్మత్‌వాలా’ (2013)ను చూపిస్తారు.

ఈ చిత్రాన్ని అంగీకరించడం పొరపాటని సైఫ్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. ‘హమ్ తుమ్’కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్న ఆయన, 2018లో ‘సేక్రెడ్ గేమ్స్’ ధారావాహికతో, 2020లో ‘తాన్హాజీ’లోని ఉదయభాన్ పాత్రతో నిలదొక్కుకున్నారు. ‘దేవర’ (2024)లో ప్రతినాయకుడిగా తెలుగు ప్రేక్షకులకూ చేరువయ్యారు.

రితేశ్ కోలుకోవడానికి వారమే పట్టింది. జూన్ 27న విడుదలైన ‘ఏక్ విలన్’లో హంతకుడి పాత్ర ఆయనలోని మరో నటుణ్ణి చూపగా, జులైలో మరాఠీ చిత్రం ‘లయ్ భారీ’ ఘనవిజయం సాధించింది. ఆయన ప్రస్థానంలో తెలుగు ముద్ర బలమైనది. తొలి చిత్రం ‘తుఝే మేరీ కసమ్’ (2003)కు రామోజీరావు నిర్మాత, ‘నువ్వే కావాలి’ తీసిన కె.విజయభాస్కర్ దర్శకుడు. తాను తొలిసారి దర్శకత్వం వహించిన మరాఠీ చిత్రం ‘వేడ్’ (2022) తెలుగు ‘మజిలీ’కి పునర్నిర్మాణం.

తమన్నాకు ‘హిమ్మత్‌వాలా’, ‘హమ్‌షకల్స్’ రెండూ సాజిద్ చిత్రాలే. వరుసగా రెండు పరాజయాలు. అయితే మరుసటి ఏడాదే ‘బాహుబలి’లో అవంతికగా దేశమంతటికీ పరిచయమయ్యారు. హిందీలో దక్కని గుర్తింపు హైదరాబాద్‌లో రూపొందిన చిత్రంతో లభించింది.

ఇంతటి అవకాశం అందరికీ చిక్కలేదు. ‘టక్కరి దొంగ’ (2002)లో మహేశ్‌బాబు సరసన నటించిన బిపాషా, ‘హమ్‌షకల్స్’ ప్రచారానికే దూరంగా ఉన్నారు. 2015లో ‘అలోన్’ తరువాత ఆమె వెండితెరపై దాదాపు కనిపించలేదు. ఈషా గుప్తాకు ‘రుస్తుం’ వంటి కొన్ని చిత్రాలు దక్కాయి. బుల్లితెరలో అప్పటికే పేరున్న రామ్ కపూర్‌పై ఈ పరాజయ ప్రభావం అంతగా పడలేదు.

‘హౌస్‌ఫుల్’ (2010), ‘హౌస్‌ఫుల్ 2’ (2012)లతో విజయాలు చూసిన సాజిద్, లైంగిక వేధింపుల ఆరోపణల నేపథ్యంలో 2018లో ‘హౌస్‌ఫుల్ 4’ దర్శకత్వ బాధ్యతల నుంచి తప్పుకున్నారు.

ఈ చిత్రంలో నటించిన సతీశ్ షా 2025 అక్టోబరు 25న ముంబయిలో కన్నుమూశారు. ‘జానే భీ దో యారో’ (1983)లో శవంగా కనిపించిన సన్నివేశాల్లో ఒక్క మాటైనా లేకుండా నవ్వించిన నటుడాయన. వెండితెరపై ఆయన చివరి చిత్రాల్లో ‘హమ్‌షకల్స్’ ఒకటి.