బోరు ఎన్ని అడుగులు?

కడప ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉన్న చోట ఒకప్పుడు మొండిగోడలు మాత్రమే ఉండేవి. అవి బ్రౌన్ బంగళావి.

1820లో ఈస్టిండియా కంపెనీ కొత్త ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్, కొన్నేళ్ళకు ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. జనం దాన్ని ‘బ్రౌన్ కాలేజీ’ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి పనంతా చూసుకునేవాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, ఒకదాని పక్కన ఒకటి పెట్టి మాట మాటా సరిచూడడం, తేడా వచ్చిన చోట ఏది కవి మాటో తేల్చడం. ఆ కవులు పోయి వందల ఏళ్ళు. అడుగుదామంటే మనిషి లేడు. అందుకే తాటాకుల్ని అడిగారు.

బతికున్న కవిని అవధాన సభలో నిలబెట్టి అడగడమూ రాయలసీమకు కొత్త కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని లాంటి వాళ్ళు తిరిగిన నేల ఇది. అయితే పృచ్ఛకుడి ప్రశ్న కవి ధారణకు పరీక్ష. పుస్తకం మీద ప్రశ్న వేరు. దాన్ని మొహమాటం లేకుండా అడిగిన మనిషి రారా, అంటే రాచమల్లు రామచంద్రారెడ్డి. 1968లో మొదలైన ఆయన ‘సంవేదన’ పత్రిక ఎక్కువ కాలం నడవలేదు. కానీ రచయితను గౌరవించడమంటే పొగడడం కాదని ఇక్కడి వాళ్ళకు నేర్పింది ఆయనే అని నా నమ్మకం.

ఇట్లా అడగడానికి ఇక కావలసింది కూర్చునే చోటు. దానికోసం తిరిగిన మనిషి జానమద్ది హనుమచ్ఛాస్త్రి. జిల్లా రచయితల సంఘాన్ని నడిపిన ఆయన, ఆ మొండిగోడల దగ్గర గ్రంథాలయం లేవాలని పట్టుబట్టాడు. రోజుకు కనీసం ఇరవై రూపాయలు విరాళం రానిదే అన్నం ముట్టేవాడు కాదంటారు. ఇరవై రూపాయలు! 1987లో శంకుస్థాపన జరిగింది, 1995లో తలుపులు తెరుచుకున్నాయి. జనం ఆయన్ను ‘బ్రౌన్ శాస్త్రి’ అని పిలుచుకున్నారు. ఇప్పుడది యోగివేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. తాళపత్రాలూ ఉన్నాయి, సభలూ జరుగుతాయి.

సీమ కథకుడికి సీమ పాఠకుడి ముందు కూర్చోవడం తేలిక కాదు. కరువు గురించి రాసినాయన ఎదుట కరువును మోసినాయన ఉంటాడు. కడపలో అట్లాంటి సభ ఒకదానిలో నా ముందు వరుసలో ఒక పెద్దాయన పుస్తకం పట్టుకొని లేచాడు. పేజీ గుర్తుకు బస్సు టికెట్ పెట్టుకున్నాడు.

‘‘సామీ, బోరులో నీళ్ళు పడినట్టు రాసినారు. ఎన్ని అడుగులకు పడినాయి?’’

రచయిత కాసేపు మాట్లాడలేదు. ‘‘రాయలేదన్నా’’ అన్నాడు.

‘‘ఆరువందలు దాటింటే ఆ రైతు అట్లా నవ్వడు సామీ. అప్పు కండ్ల ముందర కనపడతాంటాది.’’

రచయిత జేబులోంచి పెన్ను తీసి, తన ప్రతిలో ఆ పేజీ వెతికి, అంచున ఏదో రాసుకున్నాడు. పెద్దాయన టికెట్‌ను మళ్ళీ అదే పేజీలో పెట్టి కూర్చున్నాడు.